ఒకే మాట – రెండు రూపములు

అన్యభాషను నేర్చుకొనువానికి అక్షరములు కష్టము కావు. ఆంగ్లభాషకు ఉన్నవి ఇరువదియారు అక్షరములే. శ్రద్ధగల బాలుడు వానిని కొలది దినములలో నేర్వగలడు. అసలు కష్టము ఆ తరువాత వచ్చును. ఒక పుస్తకములో ‘కలర్’ అను మాట ‘యు’ అక్షరముతో కనబడును. మరియొక పుస్తకములో ఆ ‘యు’ ఉండదు. బూడిదరంగును తెలుపు ‘గ్రే’ అను మాట నడుమ ఒకరు ‘ఇ’ వ్రాయుదురు, వేరొకరు ‘ఏ’ వ్రాయుదురు. నిన్నటి పాఠములో ‘బ్యాంక్’ అనగా ధనము దాచుకొను చోటు. నేటి పాఠములో అదే ‘బ్యాంక్’ నది ఒడ్డు. ఇట్టివి చూచిన బాలుడు రెండు విధముల తలచును. పుస్తకమైనను తప్పై యుండవలెను, లేదా తన బుద్ధియైనను మందమై యుండవలెను. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. మాటకు రెండు రూపములుండుట తప్పు కాదు. ఒక రూపమునకు పెక్కు అర్థములుండుటయు వింత కాదు. ఏ రూపము ఏ చోట తగునో ఎరుగక కలగలుపుటయే తప్పు. ఈ సంగతిని కొంచెము విపులముగా చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

దూరదేశపు మాటలను విచారించుటకు ముందు మన చెంతనున్న ఒక ఊరి పేరును విచారింతము. భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో, గోదావరికి దక్షిణపు గట్టున, బూర్గంపాడు ఉన్నది. ఆ చేరువనే కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలియుచున్నది. ఊరివారును, చుట్టుపట్ల పల్లెలవారును ‘బూర్గంపాడు’ అనియే పలుకుదురు. కాని ప్రభుత్వపు కాగితములలో, అందును ఆంగ్లాక్షరములలో వ్రాసిన వానిలో, ఈ పేరు తరచుగా ‘బూర్గంపహాడ్’ అని కనబడును. 2009వ సంవత్సరపు ఎన్నికలకు ముందు ఈ ప్రాంతమునకు ఉండిన శాసనసభా నియోజకవర్గము పేరును బూర్గంపహాడే. ఒక ఊరికి ఇట్లు రెండు పేరులేల కలిగినవి?

దీనికి చరిత్రయే సమాధానము చెప్పును. 1948 వరకు ఈ ఊరు నిజాము పాలించిన హైదరాబాదు రాజ్యములోనిది. ఆ రాజ్యమున కచేరీ వ్యవహారము ఉర్దూలో జరిగెడిది. ఉర్దూలో ‘పహాడ్’ అనగా కొండ. తెలుగు ‘పాడు’ ఆ లిపిలోనికి, అచటి నుండి ఆంగ్లలిపిలోనికి పోవుచు ‘పహాడ్’గా మారినదని తలచుట సమంజసముగా నున్నది. సూర్యాపేట జిల్లాలోని నాగులపాడు సైతము కాగితములలో నాగులపహాడ్ అయినది. బూర్గంపాడునకు ఆవలిగట్టున ఉన్న భద్రాచలము ఆ దినములలో మద్రాసు ప్రభుత్వము క్రింద తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. నది ఒక్కటే, గట్టులు రెండు, ప్రభుత్వములు రెండు, వ్రాతపద్ధతులు రెండు. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినపుడు బూర్గంపాడు వరంగల్లు జిల్లా నుండి అందులోనికి వచ్చెను. 1959లో భద్రాచలము తూర్పు గోదావరి నుండి వచ్చి చేరెను. 2014లో బూర్గంపాడు మండలములోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో కలిసినవి. 2016లో మిగిలిన మండలము కొత్త జిల్లాకు మారెను. ఎల్లలు మారినపుడెల్ల కాగితములు తిరిగి వ్రాయబడును. తిరిగి వ్రాయునపుడెల్ల వ్రాయసకాని అలవాటును బట్టి పేరు ఈ రూపమో ఆ రూపమో దాల్చును.

ఇక ‘పాడు’ అను తెలుగు మాటనే చూడుడు. ‘పాట పాడు’ అన్నపుడు అది గానము చేయుమనుట. ‘పాడుపడిన గుడి’ అన్నపుడు శిథిలమైనదని అర్థము. ‘పాడుబుద్ధి’ అన్నపుడు చెడ్డదని అర్థము. ఊరి పేరు చివర వచ్చినపుడు ఈ అర్థములలో ఏదియు పనికిరాదు. అచట అది జనులు నివసించు చోటును తెలుపును. బూర్గంపాడు అని వినగానే ఏ తెలుగువాడును ఆ ఊరు శిథిలమైనదని కాని, గానము చేయుచున్నదని కాని అనుకొనడు. ఏలయన, మాట ఒంటరిగా రాలేదు, తోడుతో వచ్చినది. ఆ తోడు అర్థమును చెప్పినది. తెలుగు పిల్లవాడు ఈ విద్యను తల్లి ఒడిలోనే నేర్చియున్నాడు. ఆంగ్లమును నేర్చుకొనుటకును కావలసినది ఈ విద్యయే.

ఒక ఊరి పేరు ఇట్లు మనకు రెండు సంగతులు నేర్పుచున్నది. మాట రూపమును నిర్ణయించునది చరిత్ర. మాట అర్థమును నిర్ణయించునది తోడి మాటలు. ఈ రెండు సంగతులను చేతబట్టుకొని ఆంగ్లములోనికి పోదము.

గోదావరిలో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిసినట్లు ఆంగ్లభాషలో పెక్కు భాషల నీరు కలిసినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలు వేలకొలదిగా వచ్చి చేరినవి. పండితులు లాటిను, గ్రీకు భాషల నుండి మరికొన్ని తెచ్చుకొనిరి. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రమును నెలకొల్పెను. అచ్చులో పడిన వర్ణక్రమము క్రమముగా గట్టిపడసాగెను. కాని జనుల ఉచ్చారణము మారుచునే యుండెను. నోరు ముందుకు సాగెను. వ్రాత వెనుక నిలిచిపోయెను. అందుచేతనే గుఱ్ఱమునెక్కి యుద్ధము చేయు వీరుని తెలుపు ‘నైట్’ అను మాటకు మొదట ‘కె’ వ్రాయుదురు. పూర్వము ఆ ‘కె’ పలుకబడెడిది, నేడు పలుకదు. ఋణమును తెలుపు ‘డెట్’ అను మాటలోని ‘బి’ సంగతి వేరు. అది ఫ్రెంచి నుండి వచ్చినపుడు అందులో ‘బి’ లేదు. లాటిను మూలములో ‘బి’ ఉన్నదని పండితులు తరువాత చేర్చిరి. ద్వీపమును తెలుపు ‘ఐలండ్’ అను మాటలోని ‘ఎస్’ ఇంకను వింతయైనది. అది ఆంగ్లేయుల సొంత మాట. లాటిను మాట కొకదానికి బంధువని పొరపడి అందులో ‘ఎస్’ను దూర్చిరి. ఆ పొరపాటే నేడు ఒప్పయి కూర్చున్నది.

ఆ కాలమున ఒక మాటను పలువిధముల వ్రాయుట అవమానము కాదు. షేక్‌స్పియరు మహాకవి తన పేరు వ్రాసిన చేవ్రాళ్లు ఆరు నేటికిని మిగిలియున్నవి. అవి అన్నియు ఒకే వర్ణక్రమముతో లేవు. లోకము మెచ్చిన కవి తన పేరునే ఒక్కతీరుగా వ్రాయలేదన్నచో, ‘యు’ ఉంచవలెనా మానవలెనా అని సందేహించు ఎనిమిదవ తరగతి బాలుడు సిగ్గుపడనక్కరలేదు.

అయితే అచ్చుపుస్తకములు పెరిగిన కొలదిని ఒక కట్టుబాటు అవసరమయ్యెను. 1755లో సామ్యుయెల్ జాన్సను గొప్ప నిఘంటువును ప్రకటించెను. ‘కలర్’, ‘ఆనర్’ మొదలగు మాటలలో ఆయన ‘యు’ను నిలిపెను. బ్రిటనులో ఆ రూపములు స్థిరపడినవి. అమెరికా స్వతంత్రమైన తరువాత నోవా వెబ్‌స్టర్ అను విద్వాంసుడు బడిపిల్లలకు వర్ణక్రమము సులభము కావలెననియు, కొత్త దేశమునకు తనదైన వ్రాత ఉండవలెననియు తలచెను. 1828లో ఆయన ప్రకటించిన నిఘంటువులో ఆ మాటలు ‘యు’ లేకుండ కనబడును. ‘సెంటర్’ వంటి మాటల చివర ‘ఆర్, ఇ’ అను వరుస ‘ఇ, ఆర్’ అయ్యెను. ఆయన చెప్పినవన్నియు జనులు గైకొనలేదు. నాలుకను తెలుపు ‘టంగ్’ అను మాటను ‘టి, యు, ఎన్, జి’ అని నాలుగు అక్షరములతో వ్రాయుమని ఆయన సూచించెను, అది నిలువలేదు. పండితుడు ప్రతిపాదింపవచ్చును, వాడుక అంగీకరించినదే నిలుచును. మనకు ఆంగ్లము బ్రిటిషువారి వలన వచ్చినది కావున మన బడులు మొదటి మార్గమున నడచుచున్నవి. గణనయంత్రములును, సెల్‌ఫోనులలోని అమరికలును పెక్కు అమెరికా నుండి వచ్చుటచే రెండవ మార్గమును మన కంటబడుచున్నది.

రెండు రూపములున్న మాటలలో రెండు తెగలున్నవి. ఈ భేదమును ఎరిగినచో చిక్కు సగము విడిపోవును.

మొదటి తెగవానికి భేదము వేషములో మాత్రమే. ‘కలర్’, ‘గ్రే’, ‘సెంటర్’ ఈ తెగవి. చెరసాలను తెలుపు ‘జైల్’ను ‘జె’తో మొదలిడి వ్రాయవచ్చును, ‘జి’తో మొదలిడి వ్రాసిన పాత రూపమును పుస్తకములలో కలదు. పలుకు ఒకటే, అర్థము ఒకటే. మన తెలుగులో ‘చీర’ అన్నను ‘చీరె’ అన్నను కట్టుకొను బట్ట ఒకటే కదా! వీనిలో ఒకటి ఒప్పనియు, రెండవది తప్పనియు కొట్టివేయుట న్యాయము కాదు. కాని ఒక వ్యాసములో మొదటి పంక్తిలో ‘యు’ ఉంచి, నాలుగవ పంక్తిలో దానిని విడుచుట అశ్రద్ధ. ఒక కాలికి చెప్పును, వేరొక కాలికి బూటును తొడిగి నడచినట్లుండును. చెప్పు తప్పు కాదు, బూటు తప్పు కాదు. ఆ జోడే తప్పు.

రెండవ తెగవి అన్నదమ్ములు ఆస్తి పంచుకొని వేరుపడినట్లు అర్థములను పంచుకొనినవి. ‘ఫ్లవర్’ అనగా పువ్వు. పిండిని తెలుపు మాటయు ఇంచుమించు ఇట్లే పలుకును. పూర్వము ఈ రెండును ఒకే మాట. పువ్వు చెట్టుకు సొగసైన భాగమైనట్లు, విసిరిన గోధుమలలో మేలైన భాగమును ‘పువ్వు’ అనిరి. కాలక్రమమున పిండికి ఒక వర్ణక్రమము, పువ్వునకు ఒక వర్ణక్రమము ఏర్పడినవి. నేడు ఒకదాని చోట మరియొకటి వ్రాసినచో రొట్టె పువ్వులతో చేసినట్లగును.

‘మీటరు’ అను మాటను చూడుడు. బట్టల కొట్టులో గుడ్డను కొలుచు మీటరు ఒకటి. ఇంటిగోడపై విద్యుత్తును లెక్కించు మీటరు మరియొకటి. తెలుగులో రెంటిని ఒకే తీరున వ్రాయుదుము. బ్రిటిషు పద్ధతిలో కొలతకు చివర ‘ఆర్, ఇ’. యంత్రమునకు చివర ‘ఇ, ఆర్’. అమెరికాలో రెంటికిని ‘ఇ, ఆర్’యే. ‘చెక్’ అను మాటయు ఇట్టిదే. బ్యాంకులో ధనము తీసుకొనుటకు వ్రాసియిచ్చు చెక్కును బ్రిటిషు పద్ధతిలో నడుమ ‘క్యూ’ అక్షరముతో వ్రాయుదురు. సరిచూచుట అను అర్థమున ‘సి, కె’ వ్రాయుదురు. అమెరికావారు రెంటిని ఒకటి చేసిరి. అభ్యాసమును తెలుపు ‘ప్రాక్టిస్’ నామవాచకమైనపుడు ‘సి’, క్రియయైనపుడు ‘ఎస్’ అనుట బ్రిటిషు నియమము. సభలో జరుగు ‘ప్రోగ్రాం’ చివర రెండు ‘ఎం’లును ఒక ‘ఇ’యు వ్రాయు బ్రిటిషువారు సైతము గణనయంత్రమునకిచ్చు ‘ప్రోగ్రాం’ను ఒక్క ‘ఎం’తో ముగింతురు. ఇట్టి మాటలలో అక్షరము అలంకారము కాదు, అర్థమును మోయుచున్నది.

మన లిపి ధ్వనిని ఉన్నదున్నట్లు వ్రాయును. అది మన భాగ్యము. అందుచేతనే మనకొక ప్రమాదమును కలదు. ఆంగ్లపదములను తెలుగక్షరములలో వ్రాసికొని వల్లించువారికి అచటి భేదములు కనబడవు. ‘రైట్’ అని తెలుగులో వ్రాసితిమి. ఆంగ్లములో వ్రాయుట ఒక ‘రైట్’, కర్మకాండలోని విధి ఒక ‘రైట్’, కుడిప్రక్క ఒక ‘రైట్’. మూడింటికి మూడు వర్ణక్రమములు. అంతటితో ఆగలేదు. కుడిప్రక్కను తెలుపు రూపమే సరియైనది అను అర్థమునను, హక్కు అను అర్థమునను వచ్చును. ఇక మన బస్సులో కండక్టరు ‘రైట్, రైట్’ అని కేకవేసినపుడు దానికి కుడి కాదు, హక్కు కాదు. బండిని పోనిమ్మని అర్థము. ఆ కేక విని డ్రైవరు కుడివైపునకు త్రిప్పడు. ఏలయన ఆతడు మాటను ఒంటరిగా వినలేదు, సందర్భముతో విన్నాడు. చదువరికిని ఆ నేర్పే కావలెను.

ఒకే రూపమునకు పెక్కు అర్థములున్న మాటలు మన పరిసరములలోనే చాల కనబడును. బూర్గంపాడువద్ద గోదావరి ఒడ్డును ఆంగ్లములో ‘బ్యాంక్’ అందురు. ధనము దాచు బ్యాంకు పేరు ఇటలీ భాషలోని బల్ల అను అర్థముగల మాట నుండి వచ్చినది. అచట నాణెములు మార్చువారు బల్లలు వేసికొని కూర్చుండెడివారు. అడవిలో చెట్టు బెరడు ‘బార్క్’. కుక్క మొరుగుటయు ‘బార్క్’. ఇంటిలోని విద్యుత్తును మనము ‘కరెంటు’ అందుము. ఆంగ్లమున నది ప్రవాహమును ‘కరెంట్’, నేటి కాలమునకు చెందినదియు ‘కరెంట్’. అదే మాటలో ఒక ‘ఇ’ తీసి ‘ఏ’ పెట్టినచో ఒక విధమైన ఎండుద్రాక్షయగును! సారపాకలో కాగితపు కర్మాగారమున్నది. అందు తయారగునది ‘పేపర్’. ఉదయము వచ్చు వార్తాపత్రికయు పేపరే, పరీక్షలో ఇచ్చు ప్రశ్నపత్రమును పేపరే. ‘పేపరు కష్టముగా ఉన్నది’ అని విద్యార్థి అన్నపుడు కాగితము గట్టిగా ఉన్నదని ఎవరును భ్రమపడరు.

‘ట్యాంక్’ అను మాట చరిత్ర వినదగినది. మన దేశపు ఆంగ్లములో చెరువునకు ట్యాంక్ అని పేరు. హైదరాబాదులోని హుస్సేనుసాగరు గట్టు నేటికిని ట్యాంక్‌బండ్‌గానే ప్రసిద్ధము. ఇంటిమీద నీరు నిలువచేయు తొట్టియు ట్యాంకే. మొదటి ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారు ఇనుప కవచముగల యుద్ధశకటములను తయారుచేయుచు, రహస్యము బయటపడకుండుటకై వానిని నీటితొట్టులవలె ‘ట్యాంకు’లని పిలిచిరి. 1916లో అవి రణరంగమున దిగినవి; మారుపేరే అసలు పేరై నిలిచినది. ‘ట్యాంకులు నిండినవి’ అన్న వాక్యమునకును, ‘ట్యాంకులు ముందుకు సాగినవి’ అన్న వాక్యమునకును భేదము చెప్పునది ‘ట్యాంకు’ కాదు. దాని ప్రక్కనున్న క్రియాపదము.

మన మాట సైతము ఆంగ్లములో ప్రవేశించి రెండర్థములు సంపాదించినది. పొలమును, ధాన్యమును పాడుచేయు పందికొక్కును ఆంగ్లేయులు ‘బ్యాండికూట్’ అనిరి. అది మన తెలుగు మాటయే. ఆ మాట ఓడలెక్కి ఆస్ట్రేలియా చేరి, అచట పిల్లలను పొట్టసంచిలో మోయు వేరొక జంతువునకు పేరైనది. ఆస్ట్రేలియా బాలుడు బ్యాండికూట్ అన్నచో ముచ్చటపడును. మన రైతు అదే పేరు విన్నచో దుడ్డుకఱ్ఱకై వెదకును.

ఇవి అన్నియు వినోదపు సంగతులని తలపరాదు. అక్షరభేదము ధనమును, సరకును సైతము మార్చగలదు. కొత్తగూడెములో బొగ్గును టన్నులలో లెక్కింతురు. నేడు మన దేశమున టన్ను అనగా వేయి కిలోగ్రాములు. ఆంగ్లములో దీనిని ‘టి, ఓ, ఎన్, ఎన్, ఇ’ అని వ్రాయుదురు. ‘టి, ఓ, ఎన్’ అని మూడక్షరములతో వ్రాసిన పాత బ్రిటిషు టన్ను 2240 పౌనులు, అనగా దాదాపు 1016 కిలోగ్రాములు. అమెరికావారి టన్ను 2000 పౌనులు, అనగా దాదాపు 907 కిలోగ్రాములు. తెలుగులో మూడును ‘టన్ను’లే. రెండక్షరములను ఉపేక్షించినవాడు వేయి టన్నుల బొగ్గులో పదునారు వేల కిలోగ్రాములో, తొంబదిమూడు వేల కిలోగ్రాములో లెక్క తప్పును. ఇక గాలను అను కొలతకు అక్షరభేదమైనను లేదు. బ్రిటిషు గాలను నాలుగున్నర లీటర్లకు కొంచెము పైన. అమెరికా గాలను మూడుముప్పావు లీటర్లకు కొంచెము పైన. ఏ దేశపు గాలనో అడుగక ఒప్పందము వ్రాసికొనువాడు నష్టపడును.

కొందరు ఆంగ్లవర్ణక్రమమును పరిహసించి, మన భాషలో ఇట్టి చిక్కులు లేవని గర్వింతురు. అది తొందరపాటు. మన వ్యాకరణము చదివినవారికి శకటరేఫయు, అరసున్నయు తెలియును. ‘అరుగు’ అనగా వెళ్లుట; ఇంటిముందరి తిన్నెయు అరుగే. ‘అఱుగు’ అనగా తిన్నది జీర్ణించుట. ‘తరుగు’ అనగా తగ్గుట. ‘తఱుగు’ అనగా కూరగాయలను కోయుట. ‘వాఁడు’ అనగా ఆతడు. ‘వాడు’ అనగా ఉపయోగించుట. పూర్వులు ఈ భేదములను పాటించిరి. నేటి అచ్చులో అరసున్న దాదాపు లేదు, శకటరేఫ అరుదు. అయినను అర్థము చెడలేదు. ‘వాడు కత్తిని వాడుచున్నాడు’ అన్న వాక్యములో ఏది మనిషియో, ఏది పనియో తెలిసికొనుటకు ఎవరికిని అరసున్న అక్కరలేకపోయినది. ఇక నానార్థములకు కొదువయా? ‘కరము’ అనగా చేయి, కిరణము, తొండము, పన్ను. అమరసింహుడు తన కోశములో నానార్థములకు ఒక వర్గమునే కేటాయించెను. కావున పొరుగింటి ముగ్గును వెక్కిరించుటకు ముందు మన వాకిటి ముగ్గును చూచుకొనవలెను.

మరికొందరు వర్ణక్రమమునంతయు ఒక్కసారి సంస్కరింపవలెనందురు. ఆ ప్రయత్నములు జరిగినవి. నాటకకర్తయగు బెర్నార్డ్ షా ఆంగ్లమునకు కొత్త లిపి కావలెనని కోరి, మరణశాసనములో అందుకు ధనము విడిచెను. 1950లో ఆయన మరణించిన తరువాత అట్టి లిపి తయారైనది. 1962లో ఆయన నాటకమొకటి దానిలో అచ్చుపడినది. లోకము ఆ లిపిని గైకొనలేదు. పాత వర్ణక్రమమును విడిచినచో పాత పుస్తకములన్నియు పరాయివగును. ఆ నష్టమునకు ఎవరు ఒప్పుకొందురు?

ఇంకను కొందరు, యంత్రమే తప్పులు దిద్దుచుండగా మనకేల శ్రమ అందురు. యంత్రము మంచి సేవకుడు. కాని అది యజమాని చెప్పిన దేశపు పద్ధతినే ఎరుగును. అమెరికా పద్ధతికి అమర్చిన యంత్రము ‘కలర్’లోని ‘యు’ క్రింద ఎఱ్ఱగీత గీయును. ఆ గీతను చూచి తాను తప్పు వ్రాసితినని బాలుడు భయపడును. మరియు, సరియైన మాట తగని చోట పడినపుడు యంత్రము తరచుగా ఊరకుండును. కళాశాలాధిపతిని తెలుపు ‘ప్రిన్సిపల్’ వేరు. నియమమును తెలుపు ‘ప్రిన్సిపల్’ వేరు. కదలక నిలిచియుండుటను తెలుపు ‘స్టేషనరీ’లో ‘ఏ’. కాగితములు, కలములను తెలుపు ‘స్టేషనరీ’లో ‘ఇ’. ఏది తన భావమో వ్రాయువాడే ఎరుగవలెను.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట చెప్పవలసియున్నది. ప్రతి విద్యార్థికిని సొంతమైన ఆంగ్లపదమొకటి కలదు. అది అతని పేరు. ‘లక్ష్మి’ని ఒకరు ‘కె, ఎస్, హెచ్’ అను అక్షరములతో వ్రాయుదురు, ఒకరు ‘ఎక్స్’తో వ్రాయుదురు. ‘శ్రీనివాసు’లో ఒకరు ఒక ‘ఐ’ పెట్టుదురు, ఒకరు రెండు ‘ఇ’లు పెట్టుదురు. ఇంటిపేరును ఒకరు ముందు, ఒకరు వెనుక ఉంచుదురు. పలుకులో భేదము లేదు. తెలుగులో భేదము లేదు. కాని జననపత్రములో ఒక రూపము, ఆధారు పత్రములో ఒక రూపము, బ్యాంకు పుస్తకములో ఒక రూపము, పదవ తరగతి ధ్రువపత్రములో వేరొక రూపము ఉన్నచో, ఆ నలుగురును ఒక్కరేనని రుజువు చేయు భారము ఆ బీద విద్యార్థి మీద పడును. రావలసిన విద్యార్థివేతనము ఆగును. కూలిపని మానుకొని తండ్రి కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. అడవిపల్లెల కోయబిడ్డలకు ఈ బాధ మరింత ఎక్కువ. ఇంటిలో కోయ పలుకు, బడిలో తెలుగు, కాగితములలో ఆంగ్లము. మూడు మెట్లు దిగులోపల పేరు రూపు మారిపోవుట సులభము. వారి పేరును వారి నోట విని, అడిగి, వ్రాసి, చదివి వినిపించుట వ్రాయువారి విధి. వ్రాసినదానిని సరిచూచుకొనుట విద్యార్థి విధి. ఊరి పేరు రెండు రూపములతో ఉన్నను ఊరు ఎచటికిని పోదు. మనిషి పేరు రెండు రూపములతో ఉన్నచో మనిషి బ్రతుకే ఆగిపోవచ్చును.

బాలబాలికలారా! మీరు పదవ తరగతికి చేరుటకు ముందే మీ పేరు, మీ తలిదండ్రుల పేర్లు, మీ ఊరి పేరు ఆంగ్లములో ఏ అక్షరములతో నున్నవో పత్రములన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు. భేదమున్నచో పెద్దలకును, మీ ఉపాధ్యాయులకును ఇప్పుడే చెప్పుడు. ఇక కొత్తమాట కంటబడినపుడు దానిని ఒంటరిగా వల్లింపకుడు. అది ఉన్న వాక్యముతో సహా వ్రాసికొనుడు. అదే మాట వేరొక అర్థముతో మరల కనబడినచో ఆ వాక్యమును దాని క్రింద చేర్చుడు. సంవత్సరము తిరుగులోపల మీ చేతివ్రాతతోనే చక్కని నిఘంటువు తయారగును. రెండు రూపములు కనబడినచో, ఇవి ఒకే అర్థము కలవియా, అర్థములను పంచుకొన్నవియా అని అడుగుడు. ఒకే అర్థమైనచో మీ బడి పద్ధతిని గైకొని వ్యాసము చివరివరకు దానినే పాటింపుడు. అర్థములు వేరైనచో ఏ అక్షరము ఏ అర్థమును మోయుచున్నదో గుర్తుంచుకొనుడు. ఇతరుడు రెండవ రూపమును వ్రాసినచో నవ్వకుడు; ఆతడు నేర్చిన మార్గము వేరై యుండవచ్చును.

మాటలు మనుష్యుల వంటివి. వానికి పుట్టిన ఊరు కలదు, నడచివచ్చిన దారి కలదు, చుట్టములు కలరు. వేషమును మాత్రమే చూచి మనిషిని ఎరుగలేము. అక్షరములను మాత్రమే చూచి మాటను ఎరుగలేము. దాని దారిని అడిగి, దాని తోడివారిని చూచి, తగిన చోట దానిని నిలుపువాడే భాష తెలిసినవాడు.